రేడియోధార్మికత పాఠంలో లెక్కనూ ఊరి ప్రశ్ననూ కలిపి చెప్పడం ఎలా?

ప్రశ్న: ఇంటర్ భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, వైఎస్సార్ కడప జిల్లా

అందరికీ నమస్కారం. నేను ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. రెండో సంవత్సరంలో కేంద్రకాల అధ్యాయం దగ్గరకు వచ్చేసరికి ఏటా ఒకే చిక్కు ఎదురవుతోంది. ఇక్కడున్న అనుభవజ్ఞుల ముందు దాన్ని పెడుతున్నాను.

ద్రవ్యరాశి లోపం, బంధన శక్తి, విఘటన నియమం, అర్ధాయువు (రేడియోధార్మిక పదార్థం విఘటన చెంది సగానికి తగ్గే కాలం) మీద వచ్చే లెక్కలను మా పిల్లలు తడబడకుండా చేస్తారు. పరీక్షకు అంతకుమించి అక్కర్లేదు. అయితే మా తరగతిలో వేముల మండలం నుంచి వచ్చే పిల్లలూ ఉన్నారు. ఆ మండలంలోని తుమ్మలపల్లెలో కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం గనినీ శుద్ధి కర్మాగారాన్నీ నడుపుతున్న సంగతి మీకు తెలిసిందే. శుద్ధి తరువాత మిగిలే వ్యర్థాలను నిలవచేసే టెయిలింగ్ పాండ్ చుట్టుపక్కల బోరు నీళ్ళు చెడిపోయాయనీ అరటితోటలు దెబ్బతిన్నాయనీ రైతులు ఫిర్యాదు చేయడం, సంస్థ వాటిని తోసిపుచ్చడం, 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి జోక్యం చేసుకోవడం అందరూ పత్రికల్లో చదివినవే.

కిందటి ఏడాది అర్ధాయువు లెక్కలు పూర్తయ్యాక ఒక అమ్మాయి లేచి, “నీళ్ళలో కలిసిన యురేనియం ఎన్నేళ్ళకు పోతుంది మేడమ్?” అని అడిగింది. పుస్తకం ప్రకారం జవాబు ఉంది. యురేనియం-238 అర్ధాయువు సుమారు 447 కోట్ల సంవత్సరాలు. ఆ జవాబులో తప్పు లేదు. కానీ ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. పైగా ఆ అంకె విన్న పిల్లల ముఖాల్లో కనిపించిన భయానికి భౌతికశాస్త్రపు ఆధారం కూడా లేదు.

పాఠ్యపుస్తకాల్లో ఇలాంటి విషయాలకు దొరికే చోటు అధ్యాయం చివర ‘ఉపయోగాలు, నష్టాలు’ అనే రెండు పేరాలు మాత్రమే. వైద్యం, విద్యుత్తు ఒక వైపు, హిరోషిమా, చెర్నోబిల్ ఇంకో వైపు పెట్టి చెబితే పిల్లలు రాసుకుంటారు, మరచిపోతారు. సాంకేతిక విషయాన్నీ సామాజిక విషయాన్నీ వేర్వేరు గదుల్లో పెట్టకుండా, ఒకదాని ద్వారా రెండోది అర్థమయ్యేలా చెప్పాలని నా కోరిక. వివాదం ఇంకా నడుస్తున్న చోట, రెండు పక్షాల కుటుంబాల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చునే చోట, అధ్యాపకురాలు ఏది తెలిసిన విషయంగా చెప్పాలి, ఏది తేలని విషయంగా వదలాలి? నాకు దొరికేది ఏడెనిమిది పీరియడ్లు. మా ప్రయోగశాలలో వికిరణాన్ని కొలిచే గైగర్ కౌంటర్ లేదు.

జవాబు: విశ్రాంత భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు, విశాఖపట్నం

మేడమ్ గారికి నమస్కారం. ఆ అమ్మాయి ప్రశ్ననే పాఠానికి ముడిసరుకుగా తీసుకోమని నా సలహా. ‘ఎన్నేళ్ళకు పోతుంది’ అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. పరమాణువు తనంతట తాను విఘటన చెందడం ఒకటి. నీటి ప్రవాహంతో ఆ పదార్థం భూగర్భంలో కదిలిపోవడమో, మట్టికి అంటుకుని నిలిచిపోవడమో రెండోది. శరీరంలో చేరినది విసర్జన ద్వారా బయటికి పోవడం మూడోది. ఈ మూడింటికీ మూడు వేర్వేరు కాలాలు ఉంటాయి. పుస్తకం మొదటిదాన్నే నేర్పుతుంది. పిల్లలకు కావలసినవి మిగిలిన రెండూ. తాగిన నీటిలోని యురేనియంలో పేగుల నుంచి రక్తంలోకి చేరేది ఒకటి రెండు శాతం మాత్రమే. అలా చేరినదానిలోనూ ఎక్కువ భాగం కొద్ది రోజుల్లో మూత్రంతో వెళ్ళిపోతుంది, కొంత ఎముకల్లో చేరి చాలా నెమ్మదిగా తగ్గుతుంది. అంటే 447 కోట్ల సంవత్సరాలకూ ఆ అమ్మాయి ఒంటికీ నేరుగా సంబంధం లేదు.

తరువాత, దీర్ఘమైన అర్ధాయువు అంటే ఎక్కువ ప్రమాదమని పిల్లలు అనుకోవడం సహజం. దాన్ని లెక్కతోనే సరిచేయవచ్చు. అవొగాడ్రో సంఖ్య, విఘటన స్థిరాంకం వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఒక గ్రాము యురేనియం-238లో సెకనుకు సుమారు 12,400 విఘటనలు జరుగుతాయని వాళ్ళే కనుక్కోగలరు. ఎనిమిది రోజుల అర్ధాయువు ఉన్న అయోడిన్-131కు అదే లెక్క చేయించండి. ఒక గ్రాములో సెకనుకు 46 కోట్ల కోట్లకు దగ్గరగా వస్తుంది. ఎక్కువ కాలం నిలిచేది నెమ్మదిగా విఘటన చెందుతుంది కాబట్టే నిలుస్తుంది. ఈ ఒక్క పోలిక వాళ్ళ చేతి లెక్కలోంచి వస్తే, నేను పది నిమిషాలు ఉపన్యసించిన దానికంటే గట్టిగా నిలుస్తుంది.

ఇప్పుడు నీటి విషయానికి రండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో యురేనియానికి పెట్టిన మార్గదర్శక విలువ లీటరుకు 30 మైక్రోగ్రాములు. భారతీయ ప్రమాణాల సంస్థ కూడా ఇప్పుడు దాన్నే తీసుకుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి చెప్పిన పరిమితి 60 మైక్రోగ్రాములు. ఒకే లోహానికి రెండు పరిమితులు ఎందుకని పిల్లల చేతే అడిగించండి. మొదటిది మూత్రపిండాల మీద యురేనియం చూపే రసాయనిక ప్రభావాన్ని బట్టి పెట్టినది, రెండోది వికిరణ మోతాదును బట్టి పెట్టినది. 30 మైక్రోగ్రాములలో యురేనియం-238 విఘటనలు సెకనుకు 0.37 మాత్రమే, అంటే సుమారు మూడు సెకన్లకు ఒకటి. దానితోపాటు ఉండే యురేనియం-234నూ కలుపుకొని, రోజుకు రెండు లీటర్ల చొప్పున ఏడాది పొడవునా తాగినా, మోతాదు 0.03 మిల్లీసీవర్ట్‌కు అటూ ఇటూగా తేలుతుంది. ప్రకృతి నుంచి మనిషికి ఏటా అందే ప్రపంచ సగటు 2.4 మిల్లీసీవర్ట్. కాబట్టి నీటిలో యురేనియం విషయంలో ముందుగా భయపడవలసినది సీసం, ఆర్సెనిక్ విషయంలో భయపడినట్టే, రసాయనం గురించి. రేడియోధార్మికత అన్న మాట వినగానే మిగిలినవన్నీ మరుగునపడతాయి.

ఇంకొక మాట. మార్గదర్శక విలువ 1998లో 2 మైక్రోగ్రాములు, 2004లో 15, 2011లో 30. ఈ మూడు అంకెలను బోర్డు మీద రాసి ఊరుకోండి. పరిమితి అనేది ప్రకృతి గీసిన గీత కాదనీ, దొరికిన ఆధారాలను బట్టి, ఎంత జాగ్రత్త చాలు అనే నిర్ణయాన్ని బట్టి మనుషులు గీసినదనీ పిల్లలకు దానంతట అదే అర్థమవుతుంది. మీరు అడిగిన సామాజిక పార్శ్వం ఇక్కడే, లెక్క మధ్యలోనే ఉంది. దానికి వేరే పీరియడ్ అక్కర్లేదు.

టెయిలింగ్ పాండ్ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. దాన్ని కూడా మీరు దాచకూడదు. ముడి ఖనిజంలో యురేనియం-238 ఒక్కటే ఉండదు. సీసం-206గా మారేవరకు ఎనిమిది ఆల్ఫా, ఆరు బీటా విఘటనల గొలుసు మొత్తం అందులో ఉంటుంది (ఆల్ఫా, బీటా అన్నవి విఘటనలో వెలువడే కణాలు). కర్మాగారం యురేనియాన్ని తీసుకుంటుంది, మిగిలిన గొలుసును వదిలేస్తుంది. ఖనిజంలో ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం వ్యర్థాల్లోనే మిగులుతుంది. అందులోని థోరియం-230 అర్ధాయువు దాదాపు 75,000 సంవత్సరాలు, రేడియం-226 అర్ధాయువు 1,600 సంవత్సరాలు. ఆ రేడియం నుంచి వాయువైన రాడాన్ నిరంతరం పుడుతూ ఉంటుంది. విష్ణుకుండినులు మన నేలను ఏలిన నాటి నుంచి ఈనాటి వరకు గడిచిన కాలంలో రేడియం సగమే తగ్గుతుందని చెబితే, ఆ కట్టను ఎవరు కాపలా కాయాలి, ఎంత కాలం కాయాలి, ఆ ఖర్చు ఎవరి లెక్కలో రాయాలి అనే ప్రశ్నలు ఎవరూ ప్రేరేపించకుండానే వస్తాయి.

మరో సాంకేతిక సంగతి కూడా ఆ పిల్లలకు తెలియాలి. జార్ఖండ్‌లోని జాదుగూడలో ఖనిజాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. తుమ్మలపల్లె ఖనిజం డోలమైట్ సున్నపురాయిలో ఉంది కాబట్టి ఆమ్లం వాడితే ఆ రాయే దాన్నంతా తినేస్తుంది. అందుకే అక్కడ సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లతో క్షార పద్ధతిని వాడుతున్నారు. అందువల్ల వ్యర్థాల్లో సోడియం లవణాలు ఉంటాయి. బావి నీరు ఉప్పబారిందా, పంట ఎండిందా అనే ప్రశ్నకు గైగర్ కౌంటర్ జవాబు చెప్పలేదు, నీటిలోని లవణాలను కొలవాలి. వికిరణం మామూలుగానే ఉందని ఒక నివేదిక చెప్పినప్పుడు అది నిజమే కావచ్చు, రైతు చెబుతున్నదీ నిజమే కావచ్చు. ఇద్దరూ కొలుస్తున్నవి వేర్వేరు విషయాలు.

గైగర్ కౌంటర్ లేకపోవడం పెద్ద లోటు కాదు. అష్టాచెమ్మాకు ఒక వైపు అరగదీసి తెలుపు చేసిన చింతగింజలు వంద సిద్ధం చేయించండి. ఒకేసారి వేసి, తెల్లముఖం పైకి పడినవాటిని ‘విఘటన చెందాయి’ అని తీసివేసి, మిగిలినవాటిని మళ్ళీ వేయమనండి. గింజ ఆకారాన్ని బట్టి, అరగదీసిన తీరును బట్టి తెలుపు పడే అవకాశం సరిగ్గా సగం ఉండదు. ఎంతో పిల్లలే తమ గ్రాఫు నుంచి కనుక్కోవాలి. ఏ గింజ ఎప్పుడు పోతుందో చెప్పలేకపోయినా వంద గింజలు ఎలా తగ్గుతాయో చెప్పగలమన్న సంగతి వాళ్ళ చేతులతోనే తెలుసుకుంటారు.

జవాబు: న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టు, హైదరాబాద్

పెద్దలు చెప్పినదానికి ఆస్పత్రి వైపు నుంచి ఒక విషయం చేర్చాలి. నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికంటే ముందు చెప్పవలసినది వికిరణానికి గురికావడానికీ రేడియోధార్మిక పదార్థం అంటుకోవడానికీ ఉన్న తేడా. కోబాల్ట్ యంత్రం కింద చికిత్స తీసుకున్న రోగి గది దాటి బయటికి వచ్చాక అతని నుంచి ఏ కిరణమూ రాదు. గామా కిరణాలతో శుద్ధి చేసి 2007 నుంచి అమెరికాకు పంపుతున్న మామిడిపండ్లు రేడియోధార్మికం కావు. కానీ థైరాయిడ్ క్యాన్సర్‌కు అయోడిన్-131 మింగిన రోగి ఒంట్లో ఆ పదార్థమే ఉంటుంది కాబట్టి కొన్నాళ్ళు పసిపిల్లలకూ గర్భిణులకూ దూరంగా ఉండమంటాము, మరుగుదొడ్డి వాడకంలో జాగ్రత్తలు చెబుతాము.

ఈ తేడా తెలియక కుటుంబాల్లో జరిగే బాధ నేను చూస్తూనే ఉంటాను. రేడియేషన్ చికిత్స పూర్తయిన తల్లికి నెలల తరబడి వేరే కంచం, వేరే గది పెడతారు. అయోడిన్ తీసుకున్న రోగేమో, తనలో ఏ లక్షణమూ కనిపించడం లేదు కాబట్టి మూడో రోజే మనవడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారు. భయపడనక్కర్లేని చోట భయం, జాగ్రత్త పడవలసిన చోట అలక్ష్యం, రెండూ ఒకే అజ్ఞానంలోంచి పుడుతున్నాయి. ఆల్ఫా, బీటా, గామా చొచ్చుకుపోయే శక్తుల పట్టికను చదివించేటప్పుడు ఆ రెండు ఇళ్ళ గురించి చెబితే పిల్లలు మరచిపోరు.

అయోడిన్ గురించి చెప్పేటప్పుడు చెర్నోబిల్ తరువాతి పాల సంగతి తప్పక చెప్పండి. 1986 ఏప్రిల్ 26న ప్రమాదం జరిగింది. గడ్డి మీద పడిన అయోడిన్-131 ఆవు పాలలోకి, పాల నుంచి పిల్లల థైరాయిడ్ గ్రంథిలోకి చేరింది. దాని అర్ధాయువు ఎనిమిది రోజులు. ఎనభై రోజులు ఆ పాలు పిల్లలకు పట్టకుండా ఆపగలిగితే అది వెయ్యి వంతుల్లో ఒక వంతుకు పడిపోయేది. దీనికి కావలసినది గొప్ప సాంకేతికత కాదు, ప్రజలకు సకాలంలో నిజం చెప్పడం. పోలండ్ ప్రభుత్వం కొద్ది రోజుల్లోనే కోటి మందికి పైగా పిల్లలకు మామూలు అయోడిన్ తాగించింది; థైరాయిడ్ దానితో నిండితే రేడియోధార్మిక అయోడిన్‌కు చోటుండదు. ప్రమాదానికి దగ్గరగా ఉన్న బెలారస్, ఉక్రెయిన్, రష్యా పల్లెల్లో చాలాచోట్ల పాలు అలాగే తాగనిచ్చారు. అప్పుడు పిల్లలుగానో కౌమారంలోనో ఉన్నవారిలో 2005 నాటికి ఆరు వేలకు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి. అందులో పెద్ద భాగానికి ఆ పాలే కారణమని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం తేల్చింది. అర్ధాయువు లెక్కకు ఇంతకంటే బరువైన ఉదాహరణ నాకు తెలియదు.

మన దేశంలోది కావాలంటే 2010లో ఢిల్లీ మాయాపురి ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్ళుగా వాడకుండా పడి ఉన్న కోబాల్ట్-60 పరికరాన్ని పాత సామానుతోపాటు వేలం వేశారు. తుక్కు దుకాణంలో దాన్ని విడగొట్టారు, పనివారు తీవ్రంగా జబ్బుపడ్డారు, ఒకరు మరణించారు. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 సంవత్సరాలు, పరికరం వయసు నలభై ఏళ్ళు. మొదటి బలంలో ఎంత మిగిలిందో పిల్లలతో కట్టించండి, సుమారు రెండు వందల వంతుల్లో ఒక వంతు వస్తుంది. ఆ ఒక్క వంతు ఒక మనిషి ప్రాణం తీసింది. మొదట ఎంత ఉందన్నది తెలియకుండా ఎన్ని అర్ధాయువులు గడిచాయన్నది చాలదని ఇది నేర్పుతుంది. విశ్వవిద్యాలయపు కాగితాల్లో మరపున పడిన వస్తువుకు తుక్కు ఏరుకునే కూలీ మూల్యం చెల్లించాడన్నది కూడా ఇదే నేర్పుతుంది.

జవాబు: కళాశాల అధ్యాపకుడు, గుంటూరు

అందరి మీదా గౌరవంతోనే భిన్నాభిప్రాయం చెబుతున్నాను. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లవాడి మీద బోర్డు పరీక్ష, ప్రవేశ పరీక్ష రెండింటి భారం ఉంటుంది. ఏడు పీరియడ్లలో గని, ఆస్పత్రి, చెర్నోబిల్ అన్నీ చెబితే విఘటన నియమం మీద పట్టు ఎప్పుడు వస్తుంది? అంతకుమించి, గనిలో పనిచేసే తండ్రి కొడుకూ పొలం దెబ్బతిందని కోర్టుకు వెళ్ళిన రైతు కూతురూ ఉన్న తరగతిలో అధ్యాపకురాలు ఒక్క మాట అటూ ఇటూ జారితే అది సాయంత్రానికి ఊళ్ళో గొడవ అవుతుంది. భౌతికశాస్త్రాన్ని భౌతికశాస్త్రంగా బాగా నేర్పితే, పెద్దయ్యాక మిగిలినది వాళ్ళే ఆలోచించుకుంటారని నా నమ్మకం. ప్రభుత్వ ఉద్యోగానికి ఉన్న పరిమితులు కూడా ఆలోచించవలసినవే.

జవాబు: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

గుంటూరు మాస్టారి ఆందోళనలో న్యాయం ఉంది, కానీ ముగింపుతో ఏకీభవించలేను. ఆ ఊరి పిల్లలు పెద్దయ్యాక ఆలోచించుకుంటారని వదిలేస్తే, ఈలోగా వాళ్ళకు ఆ విషయం చెప్పేవాళ్ళు వాట్సాప్ సందేశాలు పంపేవాళ్ళే. మా జిల్లాలో నాగార్జునసాగర్ జలాశయానికి దగ్గరలోని లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతాల్లో యురేనియం తవ్వకాల ప్రతిపాదన వచ్చినప్పుడూ, తరువాత నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అన్వేషణకు అనుమతి వార్తలు వచ్చినప్పుడూ ఎంతో మంది రోడ్లెక్కారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. ఆ ఉద్యమాన్ని నేను గౌరవిస్తాను. అయితే ఆ రోజుల్లో నా విద్యార్థులు చెప్పిన కారణాల్లో సగం, బాంబు పేలినట్టు గని పేలుతుందనే ఊహ మీద నిలబడ్డవి. చెంచుల నివాసం, అడవి, కృష్ణా నీరు, టెయిలింగ్ వ్యర్థాలు వంటి బలమైన కారణాలు ఉండగా బలహీనమైనది చెబితే, అవతలివారు దాన్నొక్కదాన్ని కొట్టేసి మిగిలినవాటికి జవాబు చెప్పకుండా తప్పించుకుంటారు. భౌతికశాస్త్రం బాగా రావడం పౌరుడికి అందుకు కావాలి.

వివాదాన్ని తరగతిలోకి తెచ్చే పద్ధతి గురించి నా అనుభవం చెబుతాను. మీ ఊరి వివాదంతో మొదలుపెట్టవద్దు. పిల్లలకు బంధుత్వాలు లేని చోటును ముందు ఎంచుకోండి. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు కట్టాలన్న ప్రతిపాదన ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ఆ సభను తరగతిలో నడిపించండి. మత్స్యకారుడు, కలెక్టరు, ప్రాజెక్టు ఇంజనీరు, విద్యుత్ సంస్థ అధికారి, భూమి పోయిన రైతు, బొగ్గు విద్యుత్ కేంద్రం పొగలో బతికే పక్క ఊరివాడు, అందరూ ఉండాలి. ఒక్క నిబంధన పెట్టండి: ఎవరు ఏ అంకె చెప్పినా, దాన్ని ఎవరు కొలిచారో, ఏ యూనిట్‌లో కొలిచారో చెప్పాలి. చెప్పలేకపోతే ఆ వాదన బోర్డు మీదికి ఎక్కదు. సెకనుకు ఎన్ని విఘటనలో చెప్పే బెకరల్‌కూ, శరీరానికి అందిన మోతాదు చెప్పే సీవర్ట్‌కూ తేడా తెలియకుండా ఆ సభలో రెండు నిమిషాలు నిలబడటం కష్టమని పిల్లలే గ్రహిస్తారు. దానితో మాస్టారు అడిగిన పట్టు కూడా వస్తుంది.

రెండు వైపులా ఉన్న కష్టాన్ని చూపించడం మరచిపోకండి. 2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదం తరువాత లక్షన్నరకు పైగా ప్రజలు ఇళ్ళు వదిలారు. ఆ జిల్లాలో రెండు వేలకు పైగా మరణాలను విపత్తు అనంతర మరణాలుగా అధికారికంగా నమోదు చేశారు. వాటికి కారణం వికిరణం కాదు, హడావిడిగా ఖాళీ చేయించడం, వృద్ధులకు వైద్యం తెగిపోవడం, ఏళ్ళ తరబడి తాత్కాలిక వసతుల్లో బతకడం. ‘రేడియేషన్ వల్ల ఎవరూ చనిపోలేదు కాబట్టి నష్టం లేదు’ అనేవారినీ, ‘అన్ని వేల మందిని రేడియేషన్ చంపింది’ అనేవారినీ ఈ ఒక్క అంకె ఆపుతుంది. భౌతికశాస్త్రపు పీరియడ్‌లో ఇరవై నిమిషాలు నాలాంటి సాంఘికశాస్త్రం వాడిని పిలవండి మేడమ్. ఏ కళాశాలలోనైనా పౌరశాస్త్రం చెప్పేవారు ఒకరైనా ఉంటారు.

జవాబు: సైన్స్ ఉపాధ్యాయురాలు, ఉత్తర ఇంగ్లండ్ (స్వస్థలం రాజమహేంద్రవరం)

నేను ఇక్కడ మాధ్యమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. తెలిసినదేది, తేలనిదేది అన్న మీ ప్రశ్నకు మా పక్క జిల్లా కంబ్రియా గొర్రెల కాపరుల కథ సరిగ్గా పనికి వస్తుందని రాస్తున్నాను.

చెర్నోబిల్ మేఘం 1986 మే మొదటి వారంలో ఇక్కడి కొండల మీదికి వచ్చినప్పుడు భారీ వర్షం పడింది. మేఘంలోని రేడియోధార్మిక సీజియం గడ్డి మీద దిగింది. జూన్ 20న ప్రభుత్వం ఆ ప్రాంతపు గొర్రెల తరలింపునూ వధనూ మూడు వారాల పాటు నిషేధించింది. ఆ గడువులోపు స్థాయి తగ్గిపోతుందని శాస్త్రవేత్తలు చెప్పారు. తగ్గలేదు. వాళ్ళ అంచనా బంకమట్టి నేలల మీద జరిగిన పరిశోధనల నుంచి వచ్చింది. బంకమట్టి సీజియాన్ని పట్టి ఉంచుతుంది. ఈ కొండల మీద ఉన్నదేమో కుళ్ళిన నాచుతో ఏర్పడిన ఆమ్ల స్వభావపు పీట్ నేల. అందులో సీజియం గడ్డి వేళ్ళకు అందుబాటులోనే ఉండిపోయింది. గడ్డి నుంచి గొర్రెకు, గొర్రె పేడ నుంచి మళ్ళీ గడ్డికి తిరుగుతూ ఉండిపోయింది. మూడు వారాలన్న ఆంక్షల్లో చివరివి 2012లో గానీ తొలగలేదు. కిలోకు 1,000 బెకరల్ దాటిన గొర్రెలకు రంగు పూసి వేరుచేసేవారు.

సామాజిక శాస్త్రవేత్త బ్రయాన్ విన్ ఆ కాపరులతో మాట్లాడి గమనించిన విషయం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. సీజియాన్ని పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి చల్లి ఫలితం చూడటానికి అధికారులు గొర్రెలను కంచెలు వేసిన మడుల్లో ఉంచారు. కొండ మీద తిరగడానికి అలవాటుపడిన గొర్రె కంచెలో చిక్కిపోతుందని, దాంతో ప్రయోగమే చెడిపోతుందని కాపరులు ముందే చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. తరువాత ఆ ప్రయోగాన్ని వదిలేశారు. సీజియం భౌతికశాస్త్రం శాస్త్రవేత్తలకు తెలుసు. నేలా మందా కాపరులకు తెలుసు. దగ్గరలోని విండ్‌స్కేల్ అణు కేంద్రంలో 1957లో జరిగిన అగ్నిప్రమాదాన్ని ఆ ప్రాంతం మరచిపోలేదు కాబట్టి, ఇదంతా చెర్నోబిల్‌దేనా అన్న అనుమానం కూడా వాళ్ళలో ఉండేది.

మీ వేముల పిల్లల తల్లిదండ్రులకు బోర్ల లోతులు, ఏ కాలంలో ఏ బావి రుచి మారుతుంది, ఏ వైపు నుంచి ఊట వస్తుంది అన్నవి తెలిసి ఉంటాయి. ఆ సమాచారాన్ని సేకరించి పటం గీయమని పిల్లలకు పని ఇవ్వండి. అందులో ఎవరి పక్షమూ తీసుకోనక్కర్లేదు. అది కొలత.

ప్రశ్న వేసిన అధ్యాపకురాలు

అందరికీ ధన్యవాదాలు. గుంటూరు మాస్టారు చెప్పిన జాగ్రత్తను పక్కన పెట్టడం లేదు. ఈసారి మొదటి పీరియడ్‌లోనే చింతగింజలు, రెండో దానిలో గ్రాము లెక్కలు, ఆ తరువాత పాల ఉదాహరణ చెబుతాను. కొవ్వాడ సభ చివరి రెండు పీరియడ్లకు పెట్టుకుంటాను. బావుల పటం మాత్రం సెలవుల పనిగా, ఇష్టమైనవారికే ఇస్తాను. ప్రయోగశాల నుంచి వచ్చిన నీటి పరీక్ష నివేదికను తరగతిలో చదివించాలని ఉంది. అందులో ఏమేమి చూడమని పిల్లలకు చెప్పాలి?

జవాబు: విశ్రాంత భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు, విశాఖపట్నం

ముందు నమూనా ఏ బావిది, ఎంత లోతుది, ఏ నెలలో తీసినది అని చూడాలి. వర్షాకాలంలో ఒక్కసారి తీసిన నమూనా వేసవి గురించి చెప్పదు. గనికి చాలా దూరాన, అదే రాతి పొరలో ఉన్న ఇంకో బావి నమూనా పక్కన ఉందా అని చూడాలి. ఆ నేలలో సహజంగానే యురేనియం ఉంది, అందుకే అక్కడ గని వచ్చింది. కాబట్టి పోలిక లేని ఒంటరి అంకెతో ఎవరినీ నిందించలేము, ఎవరినీ నిర్దోషిగానూ చెప్పలేము. గని రాకముందు తీసిన కొలతలు దొరికితే అవి అన్నిటికంటే విలువైనవి. తరువాత యురేనియం, సోడియం, సల్ఫేట్, మొత్తం కరిగిన లవణాలు, అన్నీ కొలిచారా, ఒక్కటే కొలిచారా అన్నది.

చివరగా ఒక చిక్కు ఉంది. తెలివైన పిల్లలు దాన్ని పట్టుకుంటారు, సిద్ధంగా ఉండండి. కొన్ని నివేదికల్లో ‘మొత్తం ఆల్ఫా’ అని లీటరుకు బెకరల్‌లలో ఒక విలువ ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి చెప్పిన స్థాయి 0.5. కానీ యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు, అంటే అనుమతించిన మేరకే ఉన్నా, యురేనియం-238, 234 రెండింటి ఆల్ఫా కలిపితే 0.75 వస్తుంది. ఒక కొలతలో సరేనన్న నీరే ఇంకో కొలతలో దాటినట్టు కనిపిస్తుంది. 0.5 అన్నది తీర్పు కాదు, జల్లెడ. దాటితే ఆ ఆల్ఫా యురేనియం నుంచి వస్తోందా, రేడియం నుంచి వస్తోందా అని విడదీసి కొలవాలి. ఎందుకంటే ఒక బెకరల్ రేడియం-226 శరీరానికి ఇచ్చే మోతాదు ఒక బెకరల్ యురేనియం ఇచ్చే దానికంటే చాలా ఎక్కువ. ఆ విడి కొలత నివేదికలో లేకపోతే, దాన్ని అడగడం పిల్లలకు నేర్పండి.